బయోకెమిస్ట్రీ పీహెచ్‌డీ: గుంటూరు, విజయవాడ ప్రాంతం నుంచి ఎలా చేయాలి

ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ పూర్తిచేసి, ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ చేయాలనుకునే వారి కోసం ఈ వ్యాసం. నాగార్జున విశ్వవిద్యాలయం గుంటూరు, విజయవాడల మధ్య హైవే పక్కనే ఉంది. అక్కడ చేరినా, విశాఖ, తిరుపతి, అనంతపురం, హైదరాబాద్ వెళ్లినా పద్ధతి దాదాపు ఒకటే. నిబంధనలు యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం)వి, ప్రయోగాల్లో వచ్చే చిక్కులు ఎక్కడైనా అవే.

ముందే ఒక మాట. పరీక్ష పాసవడం మీదే అందరి దృష్టీ ఉంటుంది. కానీ పీహెచ్‌డీ నడిచేదీ, ఆగిపోయేదీ ఎక్కువగా ల్యాబ్ ఎంపిక దగ్గరే తేలుతుంది. అందుకే ఆ భాగానికి, బెంచ్ మీద పనికి ఎక్కువ చోటిచ్చాం. మిగతావి అవసరమైనంత వరకే.

అర్హత, ప్రవేశ పరీక్షలు

యూజీసీ 2022 నవంబరులో తెచ్చిన పీహెచ్‌డీ నిబంధనలే ఇప్పుడు అమల్లో ఉన్నాయి. పీజీలో కనీసం 55 శాతం మార్కులు ఉండాలి. ఎస్సీ, ఎస్టీ, నాన్ క్రీమీలేయర్ ఓబీసీ, ఈడబ్ల్యూఎస్, దివ్యాంగులకు 5 శాతం సడలింపు ఉంది. నాలుగేళ్ల డిగ్రీ 75 శాతంతో పూర్తిచేసినవారు పీజీ లేకుండానే దరఖాస్తు చేయవచ్చు. దూరవిద్యలోనో ఆన్‌లైన్‌లోనో చేసే పీహెచ్‌డీకి గుర్తింపు లేదు. ఎవరైనా ఇప్పిస్తామంటే డబ్బు కట్టకండి.

ముఖ్యమైన దారులు రెండు. ఒకటి సీఎస్‌ఐఆర్-యూజీసీ నెట్, అంటే జాతీయ అర్హత పరీక్ష. ఏడాదికి రెండు విడతలు, జూన్, డిసెంబరు పేరుతో జరుగుతుంది. ఫలితాలు మూడు వర్గాలుగా ఇస్తున్నారు: జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్), అసిస్టెంట్ ప్రొఫెసర్‌తో పాటు పీహెచ్‌డీ ప్రవేశం, పీహెచ్‌డీ ప్రవేశం మాత్రమే. చివరి రెండు వర్గాల్లో వచ్చినవారి ప్రవేశంలో నెట్ మార్కులకు 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం వెయిటేజీ ఉంటుంది. ఆ స్కోరు ఏడాది వరకే చెల్లుతుంది కాబట్టి ఫలితం రాగానే నోటిఫికేషన్లు వెతకడం మొదలుపెట్టండి. రెండోది రాష్ట్ర విశ్వవిద్యాలయాల కోసం ఉన్నత విద్యామండలి తరఫున జరిగే ఏపీ ఆర్‌సెట్. యూజీసీ నిబంధన ప్రకారం ప్రవేశ పరీక్షలో సగం రీసెర్చ్ మెథడాలజీ, సగం సబ్జెక్టు ఉండాలి. బయోకెమిస్ట్రీ విద్యార్థులు మొదటి సగాన్ని తేలిగ్గా తీసుకుని అక్కడే మార్కులు పోగొట్టుకుంటారు. స్టాండర్డ్ డీవియేషన్‌కూ స్టాండర్డ్ ఎర్రర్‌కూ తేడా, టీ-టెస్ట్ ఎప్పుడు, అనోవా ఎప్పుడు, శాంప్లింగ్ రకాలు, పరిశోధనా నైతికత: ఇవి గట్టిగా చదివితే ఆ సగం గట్టెక్కుతుంది.

నెట్‌లో బయోకెమిస్ట్రీకి విడిగా పేపర్ లేదు, లైఫ్ సైన్సెస్ రాయాలి. మొత్తం 200 మార్కులు, 3 గంటలు. పార్ట్ ఎ లో 20 ప్రశ్నలకు 15, పార్ట్ బి లో 50కి 35 రాయాలి. వీటిలో ఒక్కో ప్రశ్నకు 2 మార్కులు. పార్ట్ సి లో 75కి 25 రాస్తే చాలు, ఒక్కోదానికి 4 మార్కులు. తప్పుకు ఆ ప్రశ్న మార్కుల్లో పావు వంతు పోతుంది. అంటే సగం మార్కులు పాతిక ప్రశ్నల్లోనే ఉన్నాయి. పదమూడు యూనిట్లూ చదవాలని పట్టుబట్టే బదులు జీవాణువులు, కణ నిర్మాణం, డీఎన్‌ఏ నుంచి ప్రోటీన్ దాకా జరిగే ప్రక్రియలు, సెల్ సిగ్నలింగ్, జన్యుశాస్త్రం, ప్రయోగ పద్ధతులు: ఈ ఆరింటిని పార్ట్ సి స్థాయికి తీసుకెళ్లండి. పార్ట్ సి ప్రశ్న చాలాసార్లు ఒక జెల్ బొమ్మో గ్రాఫో ఇచ్చి ఏం తేలిందని అడుగుతుంది. పాత ప్రశ్నలను జవాబు చూసి గుర్తుపెట్టుకోవద్దు. మిగతా మూడు ఆప్షన్లు ఎందుకు తప్పో కాగితం మీద రాయండి. గేట్ రాసేవారు లైఫ్ సైన్సెస్ పేపర్‌లో తప్పనిసరి కెమిస్ట్రీతో పాటు బయోకెమిస్ట్రీ విభాగం ఎంచుకోవచ్చు. కేంద్ర బయోటెక్నాలజీ విభాగం (డీబీటీ) వారి బెట్, వైద్య పరిశోధనా మండలి (ఐసీఎంఆర్) జేఆర్ఎఫ్ కూడా రాసిపెట్టుకోండి, చదివేది చాలావరకు అదే.

డబ్బు సంగతి ముందే తేల్చుకోండి

జేఆర్ఎఫ్ వస్తే 2023 జనవరి నుంచి అమల్లో ఉన్న రేటు ప్రకారం మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత ఎస్‌ఆర్‌ఎఫ్ (సీనియర్ రీసెర్చ్ ఫెలో)గా 42,000 రూపాయలు, పైన ఇంటి అద్దె భత్యం. మొత్తం ఐదేళ్లు. జేఆర్ఎఫ్ లేకుండా రాష్ట్ర విశ్వవిద్యాలయంలో చేరితే నెలనెలా ఏదో వస్తుందని ఆశించకండి. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ స్కాలర్లకు జాతీయ ఫెలోషిప్‌లు, తల్లిదండ్రులకు ఏకైక సంతానమైన అమ్మాయిలకు సావిత్రీబాయి జ్యోతిరావ్ ఫూలే ఫెలోషిప్, పీజీలో విశ్వవిద్యాలయ ప్రథమ స్థానం వచ్చినవారికి డీఎస్‌టీ ఇన్‌స్పైర్ ఉన్నాయి. గైడ్‌కు నడుస్తున్న ప్రాజెక్టు ఉంటే అందులో జేఆర్ఎఫ్ పోస్టు ఉండవచ్చు. అయితే ప్రాజెక్టు మూడేళ్లకు ముగుస్తుంది, మీ పీహెచ్‌డీ ముగియదు. ఆ తర్వాత సంగతేంటని చేరేముందే అడగండి.

ఫెలోషిప్ నెలనెలా ఒకటో తారీఖున పడదు. హాజరు, గైడ్ సంతకం, విభాగాధిపతి ధ్రువీకరణ, పోర్టల్‌లో కన్ఫర్మేషన్, ఇవన్నీ దాటి రావాలి. రెండు మూడు నెలలవి కలిపి పడటం మామూలే. చేరేటప్పుడు కనీసం మూడు నెలల ఖర్చు చేతిలో ఉండేలా చూసుకోండి. జేఆర్ఎఫ్ నుంచి ఎస్‌ఆర్‌ఎఫ్‌కు మారడం దానంతట అది జరగదు. రెండేళ్లు నిండే ముందే ప్రగతి నివేదిక, మదింపు కమిటీ ఏర్పాటు కోసం కదలాలి.

కాలేజీలో పాఠాలు చెబుతూ చేయాలనుకుంటే పార్ట్‌టైమ్‌కు వీలుంది. యాజమాన్యం ఇచ్చే నిరభ్యంతర పత్రం (ఎన్‌ఓసీ)లో మూడు విషయాలు స్పష్టంగా ఉండాలి: పార్ట్‌టైమ్ పరిశోధనకు అనుమతి, పరిశోధనకు తగినంత సమయం దొరుకుతుందన్న హామీ, అవసరమైతే కోర్సువర్క్ కోసం రిలీవ్ చేస్తామన్న మాట. బయోకెమిస్ట్రీలో పార్ట్‌టైమ్ చేయడం చాలా కష్టం, ఇది దాచాల్సిన సంగతి కాదు. ఎంజైమ్ శుద్ధి ఉదయం మొదలుపెడితే రాత్రి దాకా వదిలి వెళ్లలేరు. కాబట్టి అంశం అందుకు తగ్గట్టు ఉండాలి: రోగుల నమూనాల్లో బయోమార్కర్లు, కంప్యూటర్ మీద చేసే ప్రోటీన్ విశ్లేషణ, సెలవుల్లో విడతలుగా చేయగలిగే పనులు.

ల్యాబ్ ఎంచుకోవడం

గైడ్ పేరు, ఊరు కాదు, ముందు ల్యాబ్ చూడండి. ఇంటర్వ్యూకు ముందే ఫోన్ చేసి అనుమతి అడిగి వెళ్లండి. పదిన్నరకు కాకుండా మధ్యాహ్నం మూడు తర్వాత వెళితే నిజంగా పని జరుగుతోందో లేదో కనిపిస్తుంది.

మొదట ఖాళీ ఉందో లేదో చూడాలి. ప్రొఫెసర్ దగ్గర ఒకేసారి 8 మంది, అసోసియేట్ ప్రొఫెసర్ దగ్గర 6, అసిస్టెంట్ ప్రొఫెసర్ దగ్గర 4 మందికి మించి స్కాలర్లు ఉండకూడదు. రిటైర్మెంట్‌కు మూడేళ్ల లోపు ఉన్నవారు కొత్తవారిని తీసుకోకూడదు. నాలుగేళ్లు మిగిలినవారి దగ్గర చేరడంలో తప్పులేదు. కానీ కో-గైడ్ ఎవరో మొదటిరోజే కాగితం మీద ఉండాలి.

తర్వాత గదిలో తిరగండి. కూలింగ్ సెంట్రిఫ్యూజ్ ఉంటే సరిపోదు, రోటర్ తిరిగేటప్పుడు నాలుగు డిగ్రీలు నిలుస్తోందా? మైనస్ 80 ఫ్రీజర్ డిస్‌ప్లే ఎంత చూపిస్తోంది? కరెంటు పోతే జనరేటర్ లైన్ దానికి ఉందా, లేక ప్రిన్సిపల్ గదికీ లైట్లకే ఉందా? స్పెక్ట్రోఫోటోమీటర్‌లో యూవీ ల్యాంపు పనిచేస్తోందా? 280, 340 నానోమీటర్ల దగ్గర చదవలేని యంత్రంతో ప్రోటీన్ పనీ చేయలేరు, ఎన్‌ఏడీహెచ్ మీద ఆధారపడే ఎంజైమ్ పనీ చేయలేరు. డిస్టిల్డ్ వాటర్ ఎక్కడిది? మన ప్రాంతంలో బోరు నీళ్లు చాలాచోట్ల గట్టివి. తాగే ఆర్‌ఓ నీళ్లు బఫర్‌కు పనికిరావు. డబుల్ డిస్టిల్డ్ యూనిట్టో, ప్యూరిఫికేషన్ సిస్టమో ఉండాలి, దాని కార్ట్‌రిడ్జ్ ఎప్పుడు మార్చారో తెలియాలి.

యంత్రాలకన్నా మనుషులు ఎక్కువ చెబుతారు. గైడ్ లేనప్పుడు సీనియర్ స్కాలర్లను అడగండి: "అన్నా, కెమికల్స్ ఆర్డర్ పెడితే ఎన్నాళ్లకు వస్తాయి? డ్రాఫ్ట్ ఇస్తే సార్ ఎన్ని రోజుల్లో చూస్తారు? మీకంటే ముందు చేరినవాళ్లు ఇప్పుడెక్కడున్నారు?" ఈ మూడో ప్రశ్నకు తడబడితే కాస్త ఆలోచించాలి.

ఇంకో పని ఇంట్లో కూర్చునే చేయవచ్చు. మన విశ్వవిద్యాలయాల థీసిస్‌లు ఉంచే వెబ్‌సైట్ శోధ్‌గంగలో ఆ గైడ్ పేరుతో వెతికి, గత పదేళ్ల థీసిస్‌లు తెరిచి మెటీరియల్స్ అండ్ మెథడ్స్ అధ్యాయం చదవండి. ఏ పని ఆ ల్యాబ్‌లో జరిగింది, ఏది బయటికి పంపి చేయించారు అన్నది అక్కడ తెలుస్తుంది. అన్ని థీసిస్‌లలోనూ అదే పద్ధతి, మొక్క పేరు మాత్రం మారుతూ ఉంటే మీ థీసిస్ కూడా అలాగే ఉంటుంది.

గైడ్‌కు రాసే ఈమెయిల్ పది వాక్యాలు దాటకూడదు. మీ పీజీ ప్రాజెక్టులో ఏ టెక్నిక్ స్వయంగా చేశారు, ఆయన పేపర్లలో ఏది చదివారు, అందులో ఏ ఫలితం తర్వాత ఏం చేయవచ్చని మీకు అనిపించింది, నెట్ వివరాలు. "రెస్పెక్టెడ్ సర్" తర్వాత పొగడ్తలు వద్దు. వారంలో జవాబు రాకపోతే ఒకసారి గుర్తుచేయండి.

అంశం

స్థానికంగా దొరికే పదార్థం మీద పని చేయడంలో మేలుంది. మిర్చి, దుగ్గిరాల పసుపు, పత్తి, కృష్ణా డెల్టా వరి, చెరువుల రొయ్యలు అన్నీ గంట ప్రయాణంలో ఉన్నాయి. అయితే దగ్గర్లో దొరకడం వేరు, పరిశోధనకు పనికిరావడం వేరు.

మిర్చినే తీసుకోండి. గుంటూరు యార్డులో కొన్న కాయ ఏ రకమో బస్తా మీది పేరును బట్టి నమ్మలేం. తేజ, సన్నం, బ్యాడిగి రకాలు కలిసిపోతాయి. కోల్డ్ స్టోరేజీలో ఎన్ని నెలలు ఉందో కూడా తెలియదు. లాం పరిశోధనా కేంద్రం వంటి చోటి నుంచి ఎల్‌సీఏ-334 లాంటి పేరున్న రకం విత్తనం తెచ్చి, పెంచి, కోసిన తేదీ రాసుకుని వాడండి. మొక్క నమూనాను వృక్షశాస్త్ర విభాగంలో గుర్తింపు చేయించి, అక్కడ భద్రపరిచిన నమూనాకు ఇచ్చే వోచర్ నంబరు తీసుకోండి. పేపర్ పంపినప్పుడు రివ్యూయర్ అడిగే మొదటి ప్రశ్నల్లో ఇదొకటి.

పసుపు మీద ఇంకా జాగ్రత్త. కర్కుమిన్ తటస్థ, క్షార బఫర్‌లో నిలవదు. సీరం లేని పీహెచ్ 7.2 ఫాస్ఫేట్ బఫర్‌లో, 37 డిగ్రీల దగ్గర అరగంటలో చాలాభాగం విచ్ఛిన్నమవుతుంది. దానికి సొంత రంగు, ఫ్లోరొసెన్స్ ఉన్నాయి. ప్రోటీన్లకు ఎక్కడపడితే అక్కడ అంటుకుంటుంది. అందువల్ల ఎన్నో ఎంజైమ్ పరీక్షల్లో అది నిరోధకంగా కనిపిస్తుంది, నిజంగా నిరోధించకపోయినా. ఎంజైమ్ లేని బ్లాంక్‌లో కర్కుమిన్ రీడింగ్, కాస్త ట్రైటాన్ డిటర్జెంట్ కలిపినప్పుడు నిరోధం పోతుందా అన్న పరీక్ష, ఈ రెండూ లేని ఫలితాన్ని మంచి జర్నల్ తీసుకోదు.

జంతువులతో పని ఉంటే సంస్థ జంతు నైతిక కమిటీ అనుమతి, మనుషుల రక్త నమూనాలు అయితే మానవ నైతిక కమిటీ అనుమతి, జీన్ క్లోనింగ్ ఉంటే సంస్థ బయోసేఫ్టీ కమిటీ అనుమతి పని మొదలుపెట్టకముందే కావాలి. తర్వాత తెచ్చుకుంటే చెల్లవు. కమిటీలు అడిగిన రోజున కూర్చోవు, కాబట్టి సినాప్సిస్ (పరిశోధన ప్రణాళిక) రాసేటప్పుడే దరఖాస్తు కూడా సిద్ధం చేయండి. గుంటూరు పెద్దాసుపత్రి వంటి చోట రోగుల నుంచి నమూనాలు తీసుకునేట్టయితే సమ్మతి పత్రం తెలుగులో, పత్రికలో వార్త చదివినంత తేలిగ్గా ఉండాలి. ఎన్ని మిల్లీలీటర్ల రక్తం, ఎందుకు, వద్దంటే వైద్యం ఆగదన్న మాట తప్పక ఉండాలి.

మొదటి ఏడాది

కోర్సువర్క్ కనీసం 12 క్రెడిట్లు. అందులో పరిశోధన, ప్రచురణ నైతికత మీద 2 క్రెడిట్ల పేపర్ తప్పనిసరి. 55 శాతం రావాలి. ఇది పూర్తి కాకపోతే థీసిస్ ఇవ్వనివ్వరు. రీసెర్చ్ అడ్వైజరీ కమిటీ ముందు ప్రతి సెమిస్టర్ ఒకసారి హాజరై పురోగతి చెప్పాలి. ఆ సమావేశం మినిట్స్ కాపీ మీ ఫైల్లో ఉంచుకోండి. నాలుగేళ్ల తర్వాత టైటిల్ మార్పు విషయంలో చిక్కొస్తే ఆ కాగితమే ఆధారం.

కోర్సుకు కనీసం మూడేళ్లు, ఎక్కువలో ఎక్కువ ఆరేళ్లు. రీ-రిజిస్ట్రేషన్‌తో ఇంకో రెండేళ్లు దొరుకుతాయి. మహిళలకు, 40 శాతం పైబడిన వైకల్యం ఉన్నవారికి ఆ పైన మరో రెండేళ్లు. మహిళా స్కాలర్లకు ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు మొత్తం 240 రోజుల దాకా ఉంది. దీన్ని దయగా కాదు, హక్కుగా అడగండి.

పేపర్లు చదవడానికి డబ్బు కట్టనక్కర్లేదు. 2025 జనవరి నుంచి వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ అనే కేంద్ర పథకం కింద ప్రభుత్వ విద్యాసంస్థలకు 30 మంది ప్రచురణకర్తల జర్నల్స్ అందుతున్నాయి. క్యాంపస్ నెట్‌వర్క్ బయటి నుంచి లాగిన్ ఎలాగో లైబ్రరీలో మొదటి వారమే అడిగి పెట్టించుకోండి.

కొనుగోళ్ల లెక్క కూడా ఈ ఏడాదే నేర్చుకోవాలి. కొటేషన్లు, కమిటీ, ఆర్డరు, సరుకు, బిల్లు. యాంటీబాడీలు, ఎంజైమ్‌లు తరచూ హైదరాబాద్, బెంగళూరు డీలర్ల నుంచి ఐసులో వస్తాయి. సంక్రాంతి వారంలోనో, గురు, శుక్రవారాల్లోనో పంపవద్దని డీలర్‌కు రాతపూర్వకంగా చెప్పండి. పార్శిల్ ఆఫీసులో మూడు రోజులు ఉన్న పెట్టెలో ఐసు నీళ్లవుతుంది, ప్రోటీన్ పాడవుతుంది, డబ్బు తిరిగి రాదు.

బెంచ్ దగ్గర

మన దగ్గర ప్రయోగాలు చెడేది ఎక్కువగా ఎండ వల్ల. మే నెలలో ఏసీ లేని ల్యాబ్‌లో బల్ల మీద ఉష్ణోగ్రత 35 దాటుతుంది. పుస్తకంలో "రూమ్ టెంపరేచర్" అన్నది 25 డిగ్రీలని మరచిపోవద్దు.

ట్రిస్ బఫర్ విషయం చూడండి. ఒక డిగ్రీ తగ్గితే ట్రిస్ పీహెచ్ సుమారు 0.028 పెరుగుతుంది. 35 డిగ్రీల గదిలో 7.4కు సరిచేసి, కోల్డ్ రూమ్‌లో నాలుగు డిగ్రీల దగ్గర వాడితే మీ బఫర్ 7.4 కాదు, దాదాపు 8.3. పీహెచ్ మీటర్‌లో ఉష్ణోగ్రత సవరణ ఉందిగా అంటారు. అది ఎలక్ట్రోడ్ స్పందనను సవరిస్తుంది తప్ప మీ బఫర్ మారడాన్ని కాదు. అయాన్ ఎక్స్‌ఛేంజ్ కాలమ్ మీద జనవరిలో అంటుకున్న ప్రోటీన్ మేలో అంటుకోకుండా కారిపోతోందంటే ముందు అనుమానించాల్సింది దీన్నే. పరిష్కారం: వాడబోయే ఉష్ణోగ్రతకు బఫర్‌ను చల్లార్చి, మీటర్‌ను అదే ఉష్ణోగ్రతలో కాలిబ్రేట్ చేసి, అప్పుడు హెచ్‌సీఎల్ కలపండి. నోట్‌బుక్‌లో "పీహెచ్ 7.4" అని కాదు, "4 డిగ్రీల వద్ద 7.4" అని రాయండి. ఫాస్ఫేట్ బఫర్ వేడికి అంతగా మారదు, కాల్షియం అక్కర్లేని చోట అది మంచి ప్రత్యామ్నాయం.

ప్రోటీన్ అంచనాలో లౌరీ పద్ధతిని కళ్లు మూసుకుని వాడకండి. అందులో వాడే ఫోలిన్ రీజెంట్ మొక్కల్లోని ఫినాలిక్స్‌తో కూడా రంగు ఇస్తుంది. మిర్చి, పసుపు, వేప రసాల్లో అవి విపరీతం. ఉన్నదానికన్నా రెట్టింపు ప్రోటీన్ కనిపించి, మీ స్పెసిఫిక్ యాక్టివిటీ సగానికి పడిపోయినట్టు వస్తుంది. ట్రిస్, ఈడీటీఏ, డీటీటీ కూడా లౌరీకి అడ్డే. బ్రాడ్‌ఫర్డ్‌కు ఇవి పెద్దగా అడ్డు కావు గానీ ఎస్‌డీఎస్, ట్రైటాన్ వంటి డిటర్జెంట్లు పడవు. మొక్క రసం అయితే ముందు టీసీఏతోనో చల్లటి ఎసిటోన్‌తోనో ప్రోటీన్‌ను అవక్షేపించి, కడిగి, మళ్లీ కరిగించి కొలవండి. ఎంజైమ్ యాక్టివిటీకి మాత్రం వేరే భాగం తీయాలి. ఆకు నూరేటప్పుడే ఫినాలిక్స్‌ను పట్టుకునే పీవీపీపీ, కాస్త ఆస్కార్బిక్ ఆమ్లం వేసి ఐసు మీద నూరితే రసం గోధుమరంగుకు తిరగదు. స్టాండర్డ్ కర్వ్ రోజూ వేయాలి. నిన్నటి గీత మీద ఇవాళ్టి విలువ చదవకూడదు.

ప్రోటీన్లను కోసే ఎంజైమ్‌లను ఆపే పీఎంఎస్ఎఫ్‌ను బఫర్‌లో కలిపి ఫ్రిజ్‌లో పెట్టుకునే అలవాటు చాలా ల్యాబ్‌లలో ఉంది. నీటిలో అది నిలవదు. పీహెచ్ 8, 25 డిగ్రీల దగ్గర అరగంట ప్రాంతంలోనే సగం పోతుంది. స్టాక్‌ను ఐసోప్రొపనాల్‌లో ఉంచి, నూరే ముందు కలపండి. అది విషపదార్థం, గ్లోవ్స్ తప్పనిసరి.

జెల్ వేసవిలో రెండు రకాలుగా ఇబ్బంది పెడుతుంది. పోస్తుండగానే గడ్డకడుతుంది: ఆక్రిలమైడ్ మిశ్రమాన్ని ఐసులో చల్లబరచి, జెల్‌ను గట్టిపరిచే ఏపీఎస్ కొంచెం తగ్గించండి. ఇక నడుస్తుంటే మధ్యలో బ్యాండ్లు ముందుకు, అంచుల్లో వెనక్కి ఉండి వంపు తిరుగుతాయి: జెల్ మధ్యలో వేడెక్కిందని అర్థం, వోల్టేజీ తగ్గించి ట్యాంకు చుట్టూ ఐసు పెట్టండి. దీనికి విరుద్ధంగా జెల్ అసలు గట్టిపడకపోతే ఏపీఎస్ పాతదై ఉంటుంది. 10 శాతం ద్రావణం ఫ్రిజ్‌లో వారం పది రోజులకు మించి ఉంచకండి. పొడి డబ్బా కూడా తేమ పీల్చుకుంటే పనిచేయదు, కృష్ణా తీరపు వర్షాకాలంలో అది త్వరగానే జరుగుతుంది. డెసికేటర్‌లో పెట్టండి. గట్టిపడని ఆక్రిలమైడ్ నరాలకు హాని, చేతికి తగలనివ్వద్దు.

ఫాస్ఫటేజ్, ఏటీపేజ్ పని చేసేవారు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, సైరస్ ఫిస్క్‌తో కలిసి 1925లో ప్రచురించిన ఫాస్ఫరస్ పద్ధతిని ఇప్పటికీ వాడతారు. నూరేళ్లయినా మన బెంచ్ మీద నిలిచిన పద్ధతి అది, చేసే ప్రతి తెలుగు స్కాలరూ గర్వపడవచ్చు. అందులో ఒక్కటే ఉచ్చు: బ్లాంక్ నీలంగా వస్తుంటే మీ రీజెంట్ కన్నా ముందు టెస్ట్‌ట్యూబులను అనుమానించండి. గ్లాస్‌వేర్ కడిగే సబ్బుపొడిలోని ఫాస్ఫేట్ గోడలకు అంటుకుని ఉంటుంది. ఈ పని ట్యూబులను విడిగా ఉంచి, పలచటి హెచ్‌సీఎల్‌లో నానబెట్టి, డిస్టిల్డ్ నీళ్లతో నాలుగైదుసార్లు కడిగి, వాటికి సబ్బు తగలకుండా చూడండి.

ఎంజైమ్ వేగం కొలిచేటప్పుడు వాటర్ బాత్ తప్పనిసరి, బల్ల మీద కాదు. సబ్‌స్ట్రేట్‌లో పది శాతంకన్నా ఎక్కువ ఖర్చు కాకముందే తీసిన రీడింగులే తొలి వేగం. సబ్‌స్ట్రేట్ గాఢతలు కేఎం (గరిష్ఠ వేగంలో సగం వచ్చే గాఢత)కు అటూ ఇటూ, ఐదో వంతు నుంచి ఐదు రెట్ల దాకా ఉండాలి. లైన్‌వీవర్-బర్క్ గీతను బొమ్మ కోసం పెట్టుకోండి, విలువలు మాత్రం నాన్-లీనియర్ ఫిట్‌తో తీయండి. ఆ గీతలో తక్కువ గాఢతల దగ్గరి చిన్న తప్పులు పెద్దవై కూర్చుంటాయి.

ఇక "ఎన్", అంటే స్వతంత్ర నమూనాల సంఖ్య గురించి. ఒకే రసాన్ని మూడు ట్యూబుల్లో పోసి మూడు రీడింగులు తీస్తే ఎన్ మూడు కాదు, ఒకటే. మూడు వేర్వేరు మొక్కలు, లేదా మూడు వేర్వేరు రోజుల్లో పెంచిన కణాలు, మూడు విడి శుద్ధులు ఉంటేనే మూడు. వైవాలో (థీసిస్‌పై మౌఖిక పరీక్షలో) బయటి ఎగ్జామినర్ తప్పక అడిగే ప్రశ్న ఇది, నాలుగో ఏట తెలుసుకుంటే సరిదిద్దే వీలుండదు.

ఎంజైమ్‌లు, నమూనాలు ఒకే ట్యూబులో కాక 20, 50 మైక్రోలీటర్ల చొప్పున చిన్న వాటాలుగా ఫ్రీజ్ చేయండి. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ కరిగి గడ్డకట్టే నష్టం తగ్గుతుంది. ముఖ్యమైన క్లోన్లు, నమూనాలు రెండు వేర్వేరు ఫ్రీజర్లలో పెట్టండి, రెండోది వేరే భవనంలో ఉంటే ఇంకా మేలు. నోట్‌బుక్ పేజీలను రోజూ సాయంత్రం ఫోన్‌తో ఫొటో తీసి ఆన్‌లైన్‌లో దాచండి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతం రోజుల తరబడి నీళ్లలో ఉంది. కింది అంతస్తులోని కాగితాలు, కంప్యూటర్లు అలాంటప్పుడు మిగలవు.

ప్రచురణ, థీసిస్, వైవా

2022 నిబంధనలు థీసిస్‌కు ముందు పేపర్ ప్రచురించాలన్న షరతు ఎత్తేశాయి. కానీ విశ్వవిద్యాలయాలు సొంతంగా పెట్టుకోవచ్చు, మీ చోట నిబంధన ఏంటో రాతపూర్వకంగా తెలుసుకోండి. షరతు లేకపోయినా ఉద్యోగానికి పేపర్ కావాలి. యూజీసీ ఆమోదించిన జర్నళ్ల యూజీసీ-కేర్ జాబితాను 2025లో ఆపేశారు, కాబట్టి జర్నల్ మంచిదో కాదో మీరే తేల్చుకోవాలి. మూడు రోజుల్లో ఆమోదం, వాట్సాప్‌లో ఫీజు, సంపాదకవర్గంలో సంబంధం లేని సబ్జెక్టుల వాళ్లు: ఇవి కనిపిస్తే దూరంగా ఉండండి. పబ్‌మెడ్‌లో పాత సంచికలు దొరుకుతున్నాయా, మీరు చదివే పేపర్లు దాన్ని ఉటంకిస్తున్నాయా చూడండి. శాస్త్ర సంఘాలు నడిపే జర్నల్స్‌లో చందా పద్ధతి ఎంచుకుంటే చాలావాటిలో రచయిత డబ్బు కట్టనక్కర్లేదు.

థీసిస్ రాయడం మూడో ఏడు మొదట్లోనే మెథడ్స్ అధ్యాయంతో మొదలుపెట్టండి, ప్రయోగం చేతిలో ఉండగా రాసిందే కచ్చితంగా వస్తుంది. సారూప్యత తనిఖీలో 10 శాతం వరకు ఫర్వాలేదు. 10 దాటి 40 లోపు అయితే సరిచేసి మళ్లీ ఇవ్వాలి, 60 దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. మెథడ్స్‌లోని వాక్యాలు ఎవరివైనా ఒకేలా ఉంటాయని వాదించి లాభం లేదు. పద్ధతిని ఉటంకించి, మీరు చేసిన మార్పులు మాత్రమే మీ మాటల్లో రాస్తే శాతం దానంతటదే తగ్గుతుంది. గ్రామర్ సాఫ్ట్‌వేర్‌తో పదాలు తిప్పిన పేరాలు చదివేవారికి వెంటనే దొరికిపోతాయి.

కమిటీ ముందు ప్రీ-సబ్మిషన్ ప్రెజెంటేషన్ అయ్యాక, వాళ్లు చెప్పిన మార్పులు ఎక్కడెక్కడ చేశారో పేజీ నంబర్లతో ఒక పట్టిక ఇవ్వండి. థీసిస్ కనీసం ఇద్దరు బయటి ఎగ్జామినర్లకు వెళుతుంది, ఆరు నెలల్లో పూర్తి కావాలని నిబంధన. ఆలస్యమైతే పరీక్షల విభాగంలో వారానికోసారి మర్యాదగా అడగడం తప్పు కాదు. మీ ఫైలు ఎవరి బల్ల మీద ఉందో మీకు తెలియాలి.

వైవా అందరికీ తెరిచి ఉంటుంది. ముడి డేటా, ఒరిజినల్ జెల్ ఫొటోలు, నోట్‌బుక్‌లు పక్కనే పెట్టుకోండి. ప్రతి బొమ్మకు మూడు ప్రశ్నలకు జవాబు ముందే రాసుకోండి: కంట్రోల్ ఏది, ఎన్ ఎంత, ఈ ఫలితానికి మరో వివరణ సాధ్యమా. ఎగ్జామినర్ నివేదికలోని ప్రతి వ్యాఖ్యకు రాతపూర్వక జవాబు తీసుకెళ్లండి. వైవా అయ్యాక థీసిస్ సాఫ్ట్ కాపీ శోధ్‌గంగలోకి వెళ్లాలి, సీడీ లేదా ఫైలు అందినట్టు లైబ్రరీ రసీదు తీసుకోండి. ప్రొవిజనల్ సర్టిఫికెట్‌కు దరఖాస్తు చేసేటప్పుడే, డిగ్రీ యూజీసీ 2022 నిబంధనల ప్రకారం ఇచ్చినట్టు ధ్రువీకరించే పత్రం కూడా అడగండి. అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టులకు దాన్ని అడుగుతారు, తర్వాత విడిగా తిరగాల్సిన పని తప్పుతుంది.